పటం కట్టిన దర్శనం

పటం అంటే సంస్కృతంలో మొదట గుడ్డ. ఆ గుడ్డ మీద బొమ్మ వేశాక బొమ్మకే ఆ పేరు వచ్చింది. తర్వాత కాగితానికీ, దేశం ఆకారం గీసిన కాగితానికీ, చివరికి పిల్లలు ఎగరేసే కాగితానికీ కూడా అదే పేరు అంటుకుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మాత్రం ఈ మాట నడిచివచ్చిన దారంతా ఇంకా కళ్ళముందే ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళు ఇప్పటికీ గుడ్డ మీదనే దేవుణ్ణి రాస్తారు. తిరుపతిలో ఒకప్పుడు చెక్క మీద, మట్టి మీద, బంగారు రేకుతో శ్రీనివాసుణ్ణి చేసి అమ్మేవారు. ఇక కాగితం మీద అచ్చేసి, అట్ట పెట్టి, అద్దం వేసి, చట్రం బిగించిన పటం లేని ఇల్లు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. ఇంటి గోడకోసం బొమ్మ కొనడం అనే అలవాటు చరిత్రను ఇక్కడ రాయబోతే ముందుగా ఒక చిక్కు ఎదురవుతుంది. కళాచరిత్రకారులు అసలును ఒక మెట్టు మీద, నకలును కింది మెట్టు మీద పెట్టి మాట్లాడతారు. తిరుపతి పటానికి ఆ మెట్ల లెక్క కుదరదు. ఇక్కడ ఇంటికి వచ్చిన పటం మొదటినుంచీ నకలే. అయినా, దేనికి నకలు అని అడిగితే చూపించడానికి అసలు దొరకదు.

కొండమీద ఏమి కనిపిస్తుందో ఆలోచిస్తే ఈ సంగతి తేలుతుంది. గర్భాలయంలో వెలిగేవి దీపాలే. భక్తుడు నిలబడేది కొన్ని క్షణాలు, అదీ దూరాన. కెమెరాకు అక్కడ ప్రవేశం లేదు. మూలమూర్తి నుదుట పెట్టే పచ్చకర్పూరపు నామం కళ్ళను చాలావరకు కప్పేస్తుంది. గురువారం నాడు ఆభరణాలు తగ్గించి, నామం చిన్నది చేస్తేనే కళ్ళు కనబడతాయి. దానికి నేత్రదర్శనం అని పేరే ఉంది. అంటే దేవుడి చూపును చూడటం వారానికి ఒకరోజు దొరికే అపురూపమైన విషయం. కాబట్టి పటం చేసేవాడికి ఎదురుగా పెట్టుకుని పోల్చుకునే మూర్తి లేదు, కొనేవాడికీ లేదు. ఇద్దరికీ ఉన్నవి కొన్ని గురుతులే. పై చేతుల్లో శంఖచక్రాలు, పాదాల వైపు చూపే కుడి అరచేయి, తొడ మీద ఆనించిన ఎడమ చేయి, కుడి రొమ్ము మీద లక్ష్మి, గడ్డం మీద కర్పూరపు చుక్క, కళ్ళను మూసిన తెల్లటి నామం. ఈ గురుతులు కుదిరితే చాలు, పటం సరైనదే. ముక్కు ఎలా ఉంది, పెదవి ఎలా వంగింది అన్న ప్రశ్న ఎవరూ వేయరు. దేవుణ్ణి ఉన్నదున్నట్టు చూపించడం ఈ పటం పని కాదు. కనిపించనిదాన్ని గుర్తుకు తేవడమే దాని పని.

అచ్చు యంత్రం రాకముందు ఈ పని చేసిన పటాల్లో తిరుపతికే ప్రత్యేకమైన రకం ఒకటుంది. మట్టితో మూర్తిని ఉబ్బెత్తుగా చేసి, రంగులు వేసి, పైన బంగారు పూత పెట్టి, లోతైన చెక్కపెట్టెలాంటి చట్రంలో అమర్చేవారు. ఇత్తడి రేకు మీద వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తు బొమ్మ తేల్చిన పటాలూ, కాగితపు గుజ్జుతో చేసినవీ ఉండేవి. వీటికి దగ్గరి చుట్టం తంజావూరు పటం. పనస చెక్క మీద గుడ్డ అంటించి, సుద్దపొడినీ చింతగింజల జిగురునూ కలిపి పూసి, నగలూ తోరణాలూ ఉన్నచోట మక్కుతో ఎత్తుగా దిద్ది, మీద బంగారు రేకు వేసి రంగురాళ్ళు పొదుగుతారు. ఆ పని చేసినవాళ్ళలో రాయలసీమ నుంచి దక్షిణానికి వెళ్ళిన తెలుగు రాజు, నాయుడు కులాలవాళ్ళు ముఖ్యులు. వీటిని చూసి మ్యూజియం పలక రాసేవాడు ‘అసలు చిత్రం’ అని రాస్తాడు, చేత్తో చేసింది కనుక. కానీ ఆ చేతివాటం ఎలా సాగిందో గమనించాలి. యాత్రికులు ఏడాది పొడవునా వస్తారు, అందరికీ కావలసింది ఒకే మూర్తి, చేసేది ఒకే మూసలో. చేతి పటమైనా అచ్చు పటమైనా, ఒకే నమూనాను మళ్ళీమళ్ళీ తీయడమే జరిగింది. తేడా అంతా వేగంలోనూ ధరలోనూ ఉంది. ఇంకొక తేడా కూడా ఉంది గానీ దాని సంగతి తర్వాత.

సరిగ్గా ఇక్కడే ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దం చివర నడిచిన ఒక గొడవను దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. 1886లో పారిస్‌లో జాఁ మొరెయాస్ అనే కవి ఒక ప్రకటన రాసి సింబలిజం అన్న పేరును స్థిరపరిచాడు. మనం ప్రతీకవాదం అంటున్నది దాన్నే. కంటికి కనిపించేదాన్ని కాపీ చేయడం కళ పని కాదనీ, కనిపించని భావానికి రూపం ఇవ్వడమే దాని పని అనీ ఆ కవులూ చిత్రకారులూ అన్నారు. వాళ్ళలో ఒకడైన ఒడిలోన్ రెదోఁ 1890లో ‘మూసిన కళ్ళు’ అని ఒక బొమ్మ వేశాడు. నీటి మీద తేలుతున్నట్టున్న ఒక ముఖం, రెప్పలు వాల్చుకుని లోపలికి చూస్తుంటుంది. దాన్నే ఆయన రాతి అచ్చు మీద కూడా దించాడు. ప్రతీకవాదులు అచ్చును చిన్నచూపు చూడలేదు. రెదోఁ చాలా ఏళ్ళు రాతి అచ్చు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. స్విట్జర్లాండు చిత్రకారుడు బ్యోక్లిన్ 1880 నుంచి 1886 మధ్య ‘మృతుల దీవి’ని అయిదుసార్లు వేశాడు. ఆ పేరు పెట్టింది ఆయన కాదు, బొమ్మలమ్మే గుర్లిట్. 1890లో మాక్స్ క్లింగర్ దాన్ని లోహపు పలక మీద చెక్కి అచ్చువేశాక అది జర్మనీ మధ్యతరగతి ఇళ్ళ గోడలెక్కింది. రష్యా సంగీతకారుడు రఖ్మానినోవ్ 1907లో పారిస్‌లో చూసింది రంగులు లేని నకలునే. దాన్నుంచి 1909లో ఒక గొప్ప వాద్యరచన పుట్టింది. తర్వాత అసలు బొమ్మ చూసినప్పుడు ఆయన నిరాశపడ్డాడు. ముందే దాన్ని చూసి ఉంటే ఆ సంగీతం రాసేవాణ్ణి కాదేమో అన్నాడు కూడా. కనిపించనిదాన్ని సూచించడమే బొమ్మ పని అయినప్పుడు, నకలు ఆ పనిని అసలు కంటే బాగా చేసిన సందర్భం ఇది. తిరుపతి నుంచి పటం మోసుకెళ్ళిన యాత్రికుడికి ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ ఉండదు.

మన దగ్గర రాతి అచ్చు కథ అందరికీ కాస్తోకూస్తో తెలిసిందే. దాన్ని చిత్రకారుడు రవివర్మతోనే మొదలుపెట్టడం మాత్రం న్యాయం కాదు. కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనా చిత్రశాల ప్రెస్సు 1878లోనే దేవుళ్ళ బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టాయి. తిరువాన్కూరు, బరోడా సంస్థానాల్లో దివానుగా చేసిన సర్ టి. మాధవరావు 1884లో రవివర్మకు ఉత్తరం రాసి, బొమ్మలను ఐరోపాకు పంపి రంగుల్లో అచ్చువేయించమని సలహా ఇచ్చాడు. పదేళ్ళ తర్వాత, 1894లో, రవివర్మ బొంబాయిలో సొంతంగానే ప్రెస్సు పెట్టాడు. మొదట వచ్చినది శకుంతల జననం. 1899లో ప్రెస్సు లోనావాలా దగ్గరి మలవ్లీకి మారింది, కొద్ది ఏళ్ళకే ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ ముద్రాపకుడి చేతికి వెళ్ళింది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. రాళ్ళ మీద విడివిడిగా బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, పైన వార్నీషు పూసేవారు. నూనెరంగుల బొమ్మలా కనిపించాలని కొన్నింటికి కాన్వాసు నేత కూడా వత్తేవారు. 1890ల నాటికి తిరుపతికి మీటరుగేజి రైలు ఉంది, పక్కన రేణిగుంట పెద్ద రైలుదారి మీద ఉంది. మట్టిపటాన్ని పగలకుండా రైల్లో ఊరు చేర్చడం ఎంత కష్టమో, చుట్టచుట్టిన కాగితాన్ని చేర్చడం అంత సులువు. కాగితం గెలవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కాగితం గెలుపు వల్ల జరిగిన పెద్ద మార్పు కళకు సంబంధించింది కాదు, గడపకు సంబంధించింది. బంగారు రేకు పటం కొనగలిగినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళకు గుడి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. రంగుల అచ్చు పటం కూలివాడి గుడిసెకూ వెళ్ళింది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయప్రవేశ చట్టం తెచ్చేదాకా గుడి లోపలికి హక్కుగా అడుగుపెట్టలేని కులాల ఇళ్ళకూ వెళ్ళింది. అక్కడ ఆ పటాన్ని దేనికి నకలు అనాలి? చూడనివ్వని మూర్తికి నకలు అనడంలో అర్థం లేదు. ఆ గోడ మీద ఆ పటమే మూర్తి. రవివర్మ బొమ్మల్లో చీరల జరీని, చేతుల మెత్తదనాన్ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఈ గడప సంగతిని తరచు మరిచిపోతారు.

తిట్టినవాళ్ళు సామాన్యులు కారు, వాళ్ళ వాదం తేలిగ్గా తోసేయదగ్గదీ కాదు. కళావిమర్శకులు ఆనంద కుమారస్వామి, సిస్టర్ నివేదితల ఆరోపణ ఏమిటంటే, రవివర్మ దేవతలు నాటకపు వేషగాళ్ళలా ఉన్నారు, వాళ్ళలో మానవ దేహం తప్ప దైవ సూచన లేదు. ప్రతీకవాదుల మాటల్లో చెప్పాలంటే, కనిపించనిదాన్ని సూచించకుండా కనిపించేదాన్నే అతిగా చూపించాడని. ఈ వాదం అప్పటి చిత్తూరు జిల్లాలోనూ వినిపించింది. 1915లో అనీబిసెంట్ పిలుపు మీద భారతదేశానికి వచ్చిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ కొద్దికాలానికే మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్లం చెప్పడానికి చేరి, అక్కడే ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు. డబ్లిన్‌లో ఆయన తిరిగింది యేట్స్, జార్జ్ రస్సెల్ లాంటివాళ్ళ మధ్య. రస్సెల్ కవే కాక, తన అంతర్దృష్టికి కనిపించిన దేవతా రూపాలను రంగుల్లో వేసిన చిత్రకారుడు కూడా. 1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథుడు మదనపల్లె వచ్చి జనగణమనను ఆంగ్లంలోకి మార్చింది కజిన్స్ దంపతుల అతిథిగానే. అంటే ఐరోపా ప్రతీకవాదపు గాలి ఆ జిల్లాకు పుస్తకాల ద్వారా కాదు, ఒక మనిషి రూపంలోనే వచ్చింది. కజిన్స్ బెంగాలు చిత్రకారుల పక్షం. ఆ బృందానికి గురువైన అవనీంద్రనాథ్ ఠాగూరు శిష్యుల మంచుతెర రంగుల్లో భారతీయ ఆత్మ ఉందని ఊరూరా ప్రసంగించాడు, తర్వాత మైసూరులోనూ తిరువనంతపురంలోనూ చిత్రశాలల ఏర్పాటుకు పూనుకున్నాడు.

అయితే ఆ పక్షం తన మాటను జనంలోకి ఎలా తీసుకెళ్ళింది? నకళ్ళతోనే. రామానంద చటర్జీ ‘మోడరన్ రివ్యూ’లో వేసిన త్రివర్ణ చిత్రాలు లేకపోతే దక్షిణాదిలో ఎంతమందికి అవనీంద్రుడు తెలిసేవాడు? కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ త్రివర్ణ చిత్రాలతోనే తెలుగు చదువరికి కొత్త చిత్రకళ పరిచయమైంది. అచ్చు బొమ్మను చౌకబారు అన్నవాళ్ళూ అచ్చునే ఆశ్రయించారన్న ఎత్తిపొడుపు కోసం దీన్ని ఎత్తుకోలేదు. నకలు తప్పు అన్నది వాళ్ళ వాదం కానే కాదు, ఎలాంటి బొమ్మకు నకలు తీస్తున్నాం అన్నదే. ఆ ప్రశ్నకు తిరుపతి ఇళ్ళు ఇచ్చిన జవాబు మాత్రం వాళ్ళకు రుచించేది కాదు. ఆ మంచుతెర బొమ్మలు పత్రికలో దాచుకోవడానికి బాగున్నాయి, దేవుని గూటికి ఎక్కలేదు. ఎందుకంటే గూటిలో వెలుతురు తక్కువ. అక్కడ లేత రంగులు కనబడవు, పక్కకు తిరిగిన ముఖానికి దండం పెట్టలేం. ఎదురుగా నిలబడిన మూర్తి, గట్టి రంగు, మెరుపు కావాలి. రవివర్మ అచ్చు చాలావరకు ఈ అవసరం తీర్చింది, బెంగాలు బొమ్మ తీర్చలేదు. సిద్ధాంతం ఎంత గొప్పదైనా దీపం వెలుతురు ముందు నిలవాలి.

అచ్చు బొమ్మ మీద రెండో అభ్యంతరం 1930ల్లో జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్ తెచ్చింది. యంత్రం మీద పదివేలు అచ్చయ్యాక బొమ్మకు ఉండే మహత్తు వాడిపోతుందన్నాడు. ఇందులో నిజం ఉంది, ముఖ్యంగా బంగారం విషయంలో. ఇప్పుడు తిరుపతి అపార్టుమెంట్లలో కొందరు ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ ‘ముద్దు’ బొమ్మ నకలును చట్రంతో సహా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని హాలులో పెట్టుకోవచ్చు. 1907-08లో వియన్నాలో వేసిన ఆ బొమ్మలో క్లిమ్ట్ నిజమైన బంగారు రేకు వాడాడు. అచ్చులో అది పసుపు సిరా అవుతుంది. తిరుపతి పాత పటానికీ ఇదే గతి. దీపం కదిలితే బంగారు రేకు కదులుతుంది, మూర్తి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. పసుపు సిరా కదలదు. ఈ నష్టాన్ని మన ఇళ్ళ ఆడవాళ్ళు ఏ సిద్ధాంతం చదవకుండానే పసిగట్టారు. దక్షిణాదిలో దొరికే పాత అచ్చు పటాల్లో కొన్నింటి మీద దేవుడికి నిజమైన గుడ్డ పంచె, దేవికి జరీ చీర, నగలున్నచోట పూసలు, చమ్కీలు కుట్టో అంటించో ఉంటాయి. యంత్రం దోచుకున్న మెరుపును సూదీదారంతో తిరిగి తెచ్చుకున్నారు. పదివేలల్లో ఒకటిగా వచ్చిన కాగితం ఇంటికి చేరాక ఆ ఇంటి పటం మాత్రమే అయింది. బెంజమిన్ లెక్కలో అచ్చైన రోజుతో కథ అయిపోతుంది. మన ఇళ్ళలో అది మొదలయ్యేదే ఆ రోజున.

ప్రతీకవాదుల్ని తెచ్చి తిరుపతి పటం పక్కన కూర్చోబెట్టడం అతికినట్టు లేదని ఎవరైనా అంటే ఆ మాటకు బరువుంది. రెదోఁ ప్రతీక అతని సొంతం, అతని కలలోది. చూసేవాడికి అర్థం కాకపోయినా ఫర్వాలేదు, కాస్త అర్థం కాకపోవడంలోనే దాని గొప్ప. శంఖచక్రాలు ఎవరి సొంతమూ కాదు. ఆగమం నిర్ణయించింది, చిన్నపిల్లలూ గుర్తుపడతారు. ఈ తేడా పెద్దదే, దాన్ని పూడ్చడం కుదరదు. అయినా పోలిక పనికొచ్చేది ప్రతీక ఎవరిదన్న దగ్గర కాదు, ప్రతీక ఏం చేస్తుందన్న దగ్గర. రెండుచోట్లా కళ్ళు కప్పబడి ఉన్నాయి, రెండుచోట్లా ఆ కప్పడమే బొమ్మకు కేంద్రం. బొమ్మ తనలో లేనిదాని వైపు చూపిస్తోంది కనుకనే రెండుచోట్లా అచ్చు వేసినా అది చెడిపోలేదు. పోలికను ఇంతకంటే లాగితే తెగుతుంది.

ముందు వాయిదా వేసిన తేడా ఇప్పుడు చెప్పాలి. చేతిపటాలన్నీ ఒకే మూసవి అయినా వాటి ముఖాలు ఒకటి కావు. ఒకడి చేతిలో స్వామి గుండ్రటి బుగ్గల పసివాడు, ఇంకొకడి చేతిలో కోలముఖం రాజు. గురుతులు కుదిరితే చాలన్నప్పుడు మిగతాదంతా చేతికి వదిలేసిన స్వేచ్ఛ. అచ్చు ఈ స్వేచ్ఛను మెల్లగా మింగింది. కోవిల్‌పట్టిలో స్థిరపడిన సి. కొండయ్య రాజు (1898-1976) మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివి, నాటక కంపెనీలకు తెరలు వేసి, తర్వాత దేవుళ్ళ బొమ్మల వైపు వచ్చాడు. ఆయనా శిష్యులూ వేసినవాటిని శివకాశి ప్రెస్సులు క్యాలెండర్లుగా దక్షిణమంతా నింపేశాయి. నాటకపు తెర ముందు నిలబడినట్టుండే మెత్తని గులాబీరంగు ముఖం దేవుళ్ళందరికీ వచ్చేసింది. 1960లో పి. పుల్లయ్య ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ తీశాక ఇంకో అడుగు పడింది. కొండమీద కెమెరాకు దొరకని ముఖం స్థానంలో కెమెరా ముందున్న నటుడు ఎన్టీ రామారావు ముఖం నిలబడింది. తిరుపతి యాత్ర చేసుకున్న బస్సులు మద్రాసులో ఆయన ఇంటి ముందు ఆగడం అందరికీ తెలిసిన చరిత్ర. ఖాళీగా ఉన్న చోటును ఎవరో ఒకరు నింపుతారు. చేతిపటాల కాలంలో ఆ ఖాళీని వందమంది నింపారు, అచ్చు వచ్చాక ఇద్దరు ముగ్గురు. అచ్చు వల్ల పోయింది పవిత్రత అనేవాళ్ళతో ఏకీభవించలేం. పోయింది ముఖాల వైవిధ్యం. అది తక్కువ నష్టమేమీ కాదు.

మరో పక్క కాళహస్తి గుడ్డపటం ఎదురు ప్రయాణం చేసింది. కరక్కాయ, పాల నీళ్ళలో తడిపిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుపముక్కలూ ఊరబెట్టిన నల్లటి కసిమితో వెదురు కలం పట్టి రాసే ఆ పని గుళ్ళలో వేలాడదీయడానికి పుట్టింది. 1950ల చివర్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చి, జొన్నలగడ్డ లక్ష్మయ్య లాంటివాళ్ళు నేర్పాక అది బతికింది. బతికింది గానీ చీరగానూ, అద్దం వెనక చట్రంలో బిగించిన గోడబొమ్మగానూ బతికింది. హాలులో సోఫా పైన ఉన్న కలంకారీ రామపట్టాభిషేకానికి ఎవరూ హారతి ఇవ్వరు. చేత్తో రాసిన అసలు బొమ్మ అలంకారం అయింది. పక్క గదిలో శివకాశి కాగితం పూజ అందుకుంటోంది. అసలు, నకలు అన్న మెట్లను నమ్మేవాళ్ళు ఈ రెండు గదుల మధ్య కాసేపు నిలబడి చూడాలి.

తిరుమల తిరుపతి దేవస్థానం ఏటా అచ్చువేసే క్యాలెండరు విషయంలోనూ ఇదే నడుస్తుంది. డిసెంబరు దాకా అది తేదీలు చూసుకునే కాగితం. పాలవాడి లెక్క దాని మీదే పడుతుంది. ఏడాది తిరగ్గానే కింది తేదీలను కత్తిరించి, పై బొమ్మను పటాలు కట్టే అంగడికి తీసుకెళ్తారు. అక్కడ వెనక అట్ట, ముందు అద్దం, చుట్టూ బీడింగు పడతాయి. ఇంటికొచ్చాక పసుపూ కుంకుమా పెడతారు. ఆ తర్వాత అది కాగితం కాదు. అద్దం పగిలినా, చెదలు పట్టినా చెత్తలో వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. గుడి దగ్గర రావిచెట్టు మొదట్లో ఆనించి వస్తారు. ఆ చెట్ల కింద నామం వెలిసిపోయిన శ్రీనివాసులు ఎండకూ వానకూ వరసగా నిలబడి ఉంటారు.